ఒక్క వసంతపు చెట్టుకే చోటుంటే: దేవకాంచనమా, రేలా, మోదుగా?

శివరాత్రి నుంచి రోహిణి కార్తె దాకా అడవిలో ఆకు రాల్చిన కొమ్మల మీద పూత విరగబూస్తుంది. ఆ కళ ఇంటి ముందు కావాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది ఈ మూడింటి గురించే. మూడూ అందమైనవే, కానీ నేల, జాగా చూడకుండా నాటితే పదేళ్లు వృథా. నూటయాభై, రెండొందల గజాల ఇంటికి దేవకాంచనం. నీరు నిలవని ఎర్రనేల, కాస్త విశాలమైన ఆవరణ ఉంటే రేల. రేగడి నేలకు, పొలం గట్టుకు మోదుగ.

దేవకాంచనం విషయంలో చాలామంది మోసపోయేది పేరు దగ్గరే. నర్సరీల్లో మూడు వేర్వేరు మొక్కలు ఇదే పేరుతో అమ్ముడవుతాయి. వసంతంలో పూసేది బౌహీనియా వేరిగేటా. ఆకు దాదాపు రాలిపోయాక ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పూస్తుంది. రేకులు వెడల్పుగా ఒకదాని మీదికి ఒకటి వస్తాయి, పుప్పొడి తిత్తులున్న కేసరాలు ఐదుంటాయి. బౌహీనియా పర్పూరియా ఆకులుండగానే సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య పూస్తుంది. దాని రేకులు సన్నం, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి, కేసరాలు మామూలుగా మూడే. మూడోది హాంగ్‌కాంగ్ రకం. ముదురు ఊదా పువ్వు, చలికాలం పూత, కాయ కాయదు కాబట్టి అంటుమొక్కగానే దొరుకుతుంది. ఆకు చీలిక చూసి లేత మొక్కను గుర్తుపట్టడం నమ్మదగిన పద్ధతి కాదు. మార్చిలో నర్సరీకి వెళ్లి పువ్వుతో ఉన్న మొక్కనే తెచ్చుకోండి, లేదా తెలిసిన చెట్టు కింద ఎండిన కాయలు ఏరుకోండి. ఈ గింజకు ఏ శుద్ధీ అక్కర్లేదు. నాటిన మూడు నాలుగేళ్లలోనే పువ్వు చూడొచ్చు. గోడకు పది అడుగుల దూరం చాలు.

రేల పూత ఏప్రిల్‌లో మొదలవుతుంది, జానెడు నుంచి మూరెడు దాకా పసుపు గుత్తులు వేలాడతాయి. కానీ ఓపిక కావాలి, గింజ నుంచి పూతకు ఐదారేళ్లు దాటొచ్చు. గింజ పైపొర రాయిలా గట్టిది, నీరు లోపలికి పోనివ్వదు. అందుకే ఊరికే విత్తితే నెలలు గడిచినా మొలక రాదు. ఉప్పుకాగితం మీద గింజ అంచును లోపలి లేత రంగు కనిపించేదాకా రుద్ది, రాత్రంతా నీళ్లలో వేయండి. తెల్లారేసరికి ఉబ్బినవి వేలి గోరు లోతున విత్తండి, ఉబ్బనివి మళ్లీ రుద్దండి. ఆకుల మీద పచ్చటి గొంగళిపురుగులు వచ్చి కొమ్మలు ఖాళీ చేస్తే కంగారుపడి మందు కొట్టొద్దు. అవి పసుపుపచ్చ సీతాకోకచిలుకల పిల్లలు, చెట్టు మళ్లీ చిగురిస్తుంది. నీళ్లు నిలిచే పల్లంలో మాత్రం వేర్లు కుళ్లి చెట్టే పోతుంది.

మోదుగ తీరు దీనికి తిరగేసినట్టే. బురదైనా, కాస్త చవుడైనా ఓర్చుకుంటుంది, పశువులు పెద్దగా ముట్టవు. నల్లటి మఖమలు గుడ్డలాంటి తొడిమలోంచి చిలకముక్కులా నారింజరంగు పువ్వు బయటికి వస్తుంది. హోలీ రంగుకు ఉడకబెట్టేది ఈ పువ్వునే. విత్తనం మాత్రం నిల్వ ఉండదు. మే, జూన్‌లో రాలిన పలచటి కాయలో, కొస దగ్గర, ఒక్కటే బిళ్లలాంటి గింజ ఉంటుంది. తొలకరికి తాజాగా నేరుగా గుంతలోనే వేయాలి. తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది కాబట్టి సంచిలో పెంచి మార్చితే చాలావరకు దెబ్బతింటుంది. మొదటి కొన్నేళ్లు ఎండాకాలంలో మొలక పైభాగం ఎండిపోవడం దీని స్వభావం. చచ్చిందనుకుని పీకేయకండి, వేరు బతికే ఉంటుంది, వానలకు మళ్లీ చిగురు వేస్తుంది. ఇంటికి ఇరవై అడుగుల దూరం ఉంచాలి.

దేవకాంచనానికీ, రేలకూ రెండడుగుల గుంత తీసి, పైమట్టిలో పది కిలోల మాగిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి కలిపి నింపండి. మొదటి రెండు వేసవుల్లో వారానికి ఒకటి రెండుసార్లు ఇరవై లీటర్ల నీరు. చెట్టు నిలదొక్కుకున్నాక కార్తీకం వెళ్లగానే నీళ్లు తగ్గించాలి. పచ్చికకు రోజూ నీళ్లు పెట్టే చోట ఆకులే గుబురుగా వచ్చి పూత పలచబడుతుంది, యూరియా వేస్తే ఇంకా అన్యాయం. కొమ్మల కత్తిరింపు పూత అయిపోయాకే, చలికాలంలో కోస్తే మొగ్గలను కోసినట్టే.

చెట్టు కింద ఖాళీగా వదలకండి. భూచంపకం దుంపలు రెండంగుళాల లోతున పెడితే వేసవి మొదట్లో ఆకుల కన్నా ముందు నేలనంటి తెల్లటి, ఊదా పువ్వులు వస్తాయి. దేవకాంచనం, రేల కింద వానాకాలపు నీడ దానికి హాయి. రాలిన ఆకు ఊడ్చేయకుండా ఉంచండి గానీ, ఫిబ్రవరి చివర దుంపల మీద మాత్రం పలచగా చేయండి, లేకపోతే పువ్వు ఆకుల కిందే విచ్చి వాడిపోతుంది. మోదుగ నిలిచిన రేగడిలో ఈ దుంప పెట్టొద్దు, నిద్రావస్థలో తడి తగిలి కుళ్లిపోతుంది.