నోరు తెరిచి చూడకముందే ఎక్స్‌రే తీశారు

హైదరాబాద్‌లో ‘దంత పరీక్ష ఉచితం, ఎక్స్‌రే ఉచితం’ అన్న బోర్డులు చూసి మెట్లెక్కేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి ఆసుపత్రి పేరు చెప్పను.

నేను వెళ్లింది పళ్లు శుభ్రం చేయించుకోవడానికి. నొప్పి లేదు, వాపు లేదు. పేరు రాసుకోగానే ఒక అమ్మాయి నన్ను లోపలికి తీసుకెళ్లి, గడ్డం ఆనించి నిలబెట్టి, దవడ మొత్తం ఒకే ఫిల్ములో పడే ఓపీజీ అనే ఎక్స్‌రే తీసింది. అప్పటికి ఏ డాక్టరూ నా నోట్లోకి తొంగి చూడలేదు. అక్కడే లేచి వచ్చేయాల్సింది. ఉచితం కదా అని ఊరుకున్నాను.

తర్వాత వచ్చిన డాక్టరు కూడా నా నోటికంటే గోడమీది తెరనే ఎక్కువసేపు చూశారు. కింది వరసలో ఒక పంటి వేరు కొసన నల్లటి మచ్చ చూపించి చీము అన్నారు. మరో రెండు పళ్ల మధ్య నీడలు చూపించి పుచ్చు అన్నారు. రూట్ కెనాల్, క్యాపు, ఫిల్లింగులు కలిపి 38,000 రూపాయలు. ‘నిర్ధారణ కోసం’ పళ్లనూ దవడనూ త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్‌కు ఇంకో 3,500. అంత పెద్ద తెరమీద మన పళ్లనే అంత నల్లగా చూపిస్తే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. 5,000 అడ్వాన్సు కట్టి బయటపడ్డాను.

ఆ ఆదివారం తెనాలి వెళ్లినప్పుడు, మా ఇంట్లో అందరికీ చూసే పాత పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నాను. ఆయన ముందు చిన్న అద్దం, పళ్లు తడిమి చూసే సూది పట్టుకుని ఒక్కో పన్నూ చూశారు. చీము అన్న పంటికి చల్లటి మందు అద్దిన దూది ఆనించారు. జివ్వుమని, వెంటనే తగ్గిపోయింది. “లోపల నరం బతికే ఉందండీ” అన్నారు. తర్వాత అదే పంటికి కాస్త పక్క కోణం నుంచి చిన్న ఎక్స్‌రే తీశారు. మచ్చ వేరు కొసను వదిలి పక్కకు జరిగింది! అది కింది దవడ ఎముకలో నరం బయటికి వచ్చే రంధ్రమట. ప్రతి మనిషికీ ఉంటుంది. చీమే అయితే కోణం మార్చినా వేరు కొసను వదలదట.

మిగతా రెండు నీడల సంగతీ అంతే. పంటి మెడ దగ్గర, ఎనామెల్ అంచుకూ ఎముకకూ మధ్య, కిరణాలు తేలిగ్గా దూసుకుపోయి నల్లగా పడుతుంది. చూడ్డానికి అచ్చం పుచ్చులా ఉంటుంది. సూదితో తడిమితే గట్టిగానే ఉంది.

ఆయన ఎక్స్‌రేలు వద్దనే మనిషి కాదు. పళ్ల మధ్య పుచ్చు కంటికి కనిపించదని, పలక కొరికించి రెండు పక్కలా చిన్న ఫిల్ములు తీశారు. పై దవడ పళ్ల సందులో నిజమైన పుచ్చు ఒకటి దొరికింది. ఓపీజీలో అక్కడ పళ్లు ఒకదానిమీద ఒకటి పడి అది కనిపించనేలేదు. ఫిల్లింగుతో సరిపోయింది.

రేడియేషన్ గురించి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఒక ఓపీజీతో తగిలేది, ప్రకృతి నుంచి మనకు కొద్దిరోజుల్లో తగిలేదానితో సమానం. సీబీసీటీ మాత్రం చాలాసార్లు అంతకంటే ఎక్కువ. పుచ్చు ముప్పు లేని పెద్దవాళ్లకు పలక కొరికించి తీసే ఎక్స్‌రే 24 నుంచి 36 నెలలకోసారి చాలని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ సూచనల్లో ఉంది. అది కూడా ముందు నోరు పరీక్షించాకే.

కాబట్టి కుర్చీలో కూర్చోగానే ‘ఏ పంటికి, ఏం అనుమానంతో తీస్తున్నారు?’ అని అడగండి. మన దేశంలో పళ్ల ఎక్స్‌రే యంత్రానికి అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు అనుమతి ఉండాలి. ఆ పత్రం చూపించమనండి. తీసిన ఎక్స్‌రే కాపీ, తేదీతో సహా, ఆరోజే తీసుకోండి. నాకు ‘ఉచిత ఎక్స్‌రేకు కాపీ ఇవ్వం’ అన్నారు. ఇదెక్కడి న్యాయమో! పదిసార్లు ఫోను చేశాక తెరను ఫోటో తీసి పంపారు, దానిమీద తేదీ లేదు.

అడ్వాన్సులో 2,000 వెనక్కి వచ్చింది. మిగతా 3,000 ‘కన్సల్టేషన్’ అట, పరీక్ష ఉచితమన్న చోట! జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది.

ఇది జరిగి ఏడు నెలలైంది. చీము పట్టిందన్న పంటితోనే నిన్న జంతికలు నమిలాను.