మూడో బిళ్ల అరుగుతుండగా ఈ షేవింగ్ సబ్బు గురించి

ఈ సబ్బు వాసన, రంగు, డబ్బా గురించి నేనేమీ చెప్పను. వాడినవాళ్లకు అవన్నీ తెలుసు. దీని గురించి ఎవరైనా నన్ను అడిగేది ఒక్కటే: "అసలు దీనికి నురగ వస్తుందా?" వస్తుంది. ఇంత చిక్కటి నురగ నేను వాడిన ఇంకే సబ్బుకూ రాలేదు. కానీ అది నిలకడగా రావడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అందులో ఎనిమిది నెలలు నేను నింద వేయాల్సిన దాని మీద కాకుండా సబ్బు మీదా, బ్రష్ మీదా వేస్తూ గడిపాను.

మొదటి వారం అందరికీ జరిగేదే నాకూ జరిగింది. తడి బ్రష్‌ను బిళ్ల మీద పదిహేను చుట్లు తిప్పితే గిన్నె నిండినట్టే కనిపిస్తుంది. చెంపకు పట్టించి రేజర్ చేతిలోకి తీసుకునేలోపు బుడగలు చిటచిటమని పగిలిపోతాయి. పల్చటి తెల్లటి పొర మిగిలి, అది ఎండి చర్మాన్ని బిగబడుతుంది. దాని మీద బ్లేడ్ జారదు, పట్టేస్తుంది. నాకు మెడ మీద వెంట్రుకలు అడ్డదిడ్డంగా పెరుగుతాయి. అక్కడ నురగ సరిగ్గా లేకపోతే సాయంత్రం దాకా మంటే.

అప్పుడు కనిపెట్టిన చిట్కా ఎక్కువసేపు రుద్దడం. పదిహేను సెకన్లు కాదు, గడియారం చూసుకుని 90 సెకన్లు. బ్రష్ కుచ్చు మొత్తం జిగటగా ముద్ద కట్టేదాకా. అది పనిచేసింది. ఆ రోజుల్లో ఈ సబ్బు గురించి అడిగిన ప్రతివాళ్లకీ "ఓపికగా 90 సెకన్లు రుద్దండి, అంతే, దీనికి మించింది లేదు" అని చెప్పాను. మా అన్నయ్యతో కూడా కొనిపించాను. ఆయన నెల రోజులు కష్టపడి పక్కన పెట్టేశాడు. ఓపిక లేదనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆయనకు నేను చెప్పింది సగమే.

తొమ్మిది నెలలకు మొదటి బిళ్ల అయిపోయింది. సరిగ్గా అప్పుడే ఇల్లు మారాం. కొత్త ఇంట్లో, కొత్త బిళ్ల. నురగ చచ్చిపోయింది. 90 సెకన్లు చాలలేదు, రెండు నిమిషాలు రుద్దినా రేజర్ రెండోసారి తిప్పే సమయానికి గిన్నెలో బూడిద రంగు నీళ్లు మిగిలేవి. కంపెనీవాళ్లు సరుకు మార్చేశారని నాకు నమ్మకం కుదిరింది. పాత డబ్బా తీసి దాని మీది పదార్థాల పేర్లూ, కొత్తదాని మీది పేర్లూ ఒక్కొక్కటీ పక్కపక్కన పెట్టి చదివాను. అక్షరం తేడా లేదు. రెండింటిలోనూ మొదటి పేరు సోడియం టాలోవేట్, అంటే పశువుల కొవ్వుతో చేసిన గట్టి సబ్బు. (కొవ్వు వద్దనుకునేవాళ్లు ఇది చూసుకోవాలి.) తర్వాత బ్రష్‌ను అనుమానించాను. పంది వెంట్రుకల బ్రష్ వాడుతున్నవాడిని సింథటిక్‌కి మారాను. కాస్త మెరుగైంది. అది ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఒక రోజు పొద్దున మోటారు పాడై కుళాయిలో చుక్క రాలేదు. ఆ రోజు ఆఫీసులో నేను పెద్దవాళ్ల ముందు మాట్లాడాలి, గడ్డం నాలుగు రోజులది. మామూలు టెన్షన్ కాదు. వంటింట్లో తాగే నీళ్ల ఫిల్టర్ నుంచి ఒక మగ్గు పట్టుకొచ్చి, దాంట్లోనే బ్రష్ నానబెట్టి, అలవాటుగా రుద్దడం మొదలుపెట్టాను. అర నిమిషం కాకముందే బ్రష్ చప్పుడు మారింది. మామూలుగా బిళ్ల మీద సరసరమని గీరుకునే బ్రష్ మెత్తగా, చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఇంకొంచెం రుద్దేసరికి డబ్బా అంచు దాటి నురగ చేతి మీదకి, మణికట్టు దాకా కారింది. నేను ఆపేసి చూస్తూ ఉండిపోయాను. ఒక్క బుడగ కంటికి కనిపించలేదు. కాచిన పాల మీద తొరకలా మెరుస్తూ, బ్రష్ పైకి లాగితే కొన నిలబడి నెమ్మదిగా పక్కకి ఒరిగింది. మెడ మీద మూడు సార్లు రేజర్ తిప్పాను, ప్రతిసారీ తడి అలాగే ఉంది. ఆ రోజు మంట లేదు.

ఆ ఆదివారం రెండు గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాను. వంటింటి త్రాసు మీద తూచి ఒక్కో గ్రాము సబ్బు తురుము, మందు సీసా మూతతో కొలిచి 20 మిల్లీలీటర్ల నీళ్లు. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఫిల్టర్ నీళ్లు. ఒకే బ్రష్, మధ్యలో శుభ్రంగా కడిగి. ఫిల్టర్ గిన్నె నిండింది. బోరు గిన్నెలో అడుగున పలచటి నురగ, గోడల చుట్టూ వేలితో గీకితే వచ్చే జిడ్డు జిడ్డు పెళ్లలు. ఎనిమిది నెలలుగా నేను కడిగి పారబోస్తున్న నా సబ్బంతా ఆ పెళ్లలే.

జరిగేది ఇదీ. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని నీళ్లలో కరగని మడ్డిగా మార్చేస్తాయి. అవి తమ వాటా తీసుకున్నాక మిగిలిన సబ్బే నురగ అవుతుంది. మా వంటింటిది ఆర్‌ఓ ఫిల్టర్, అది వాటిని ముందే చాలావరకు తీసేస్తుంది. అంటే నేను గొప్పగా చెప్పుకున్న 90 సెకన్ల చిట్కా నురగ కోసం కాదు, నీళ్ల బాకీ తీర్చడానికి. పాత ఇంట్లో బాకీ చిన్నది కాబట్టి తీరింది. కొత్త ఇంటి బోరు దగ్గర తీరలేదు. పంది వెంట్రుకలు నీళ్లు ఎక్కువ పీలుస్తాయి, సింథటిక్ పీచు తక్కువ. బ్రష్ మారిస్తే ఎందుకు మెరుగైందో కూడా అప్పుడు తెలిసింది: గిన్నెలోకి మోసుకెళ్లే బోరు నీళ్లు తగ్గాయి. నా దగ్గరున్న ట్యూబ్ క్రీమ్ అదే కుళాయి కింద బాగానే నురగ ఇచ్చేది. దాని పదార్థాల్లో ఈ ఖనిజాలను కట్టిపడేసే ఈడీటీఏ ఉంది. ఈ సబ్బులో లేదు.

ఇంకో మాట. ఇలాంటి బోరు నీళ్లను మనం ఉప్పు నీళ్లంటాం గానీ నురగను చంపేది ఉప్పు కాదు. అందుకే టీడీఎస్ మీటరు చూసి నిర్ణయించుకోవద్దు. అది కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది. కాఠిన్యం, అంటే ఆ కాల్షియం, మెగ్నీషియం ఎంతుందో, కొలిచే కాగితం పట్టీలు దొరుకుతాయి. లీటరుకు 60 మిల్లీగ్రాముల లోపు ఉంటే మెత్తని నీళ్లు, 180 దాటితే బాగా గట్టివి. మా బోరు నీళ్లలో ముంచితే పట్టీ చివరి రంగుకు వెళ్లి ఆగింది.

ఫిల్టర్ నీళ్లు లేకుండా నడుస్తుందేమోనని కూడా చూశాను. కాచి చల్లార్చి, అడుగున తెల్లపొడి దిగాక పైనుంచి తీసుకుంటే కొంత నయం. కాచినా దిగనిది లోపల ఉండనే ఉంటుంది. నిమ్మ ఉప్పు చిటికెడు కలిపితే మొదటిరోజు బాగా కుదిరింది. రెండో రోజు చెయ్యి కాస్త ఎక్కువ పడింది, అంతే, నురగ విరిగిన పాలలా విడిపోయింది. పులుపు ఎక్కువైతే సబ్బు మళ్లీ కొవ్వు ఆమ్లంగా విడిపోతుంది. ఆ ప్రయోగం అక్కడితో ఆపేశాను.

ఇప్పుడు చేసేది చాలా తక్కువ. బిళ్ల మీద ఒక చెంచా గోరువెచ్చని ఫిల్టర్ నీళ్లు పోసి స్నానానికి వెళ్తాను. వచ్చాక ఆ నీళ్లే గడ్డానికి రాసుకుంటాను, పారబోయను. బ్రష్ నానేదీ ఫిల్టర్ నీళ్లలోనే, కుళాయి తగలనివ్వను. గట్టిగా విదిలించి అర నిమిషం రుద్దుతాను. మొదట్లో పైకి లేచే పెద్ద బుడగలకు మోసపోకూడదు, అవి గాలి. ముద్ద కట్టాక అర చెంచా చొప్పున నీళ్లు. నీళ్లు ఎప్పుడు ఆపాలన్నది మెరుపు చూసి తెలుసుకోవాలి. మసగ్గా ఉంటే ఇంకా దాహంగా ఉన్నట్టు. మొత్తం కలిపి ఒక టీ కప్పు నీళ్లు ఖర్చు కావు. అన్నిటికన్నా నాకు సంతోషం వేసింది ఇదీ: రెండో బిళ్ల ఎనిమిది నెలల్లో అయిపోయింది. మూడోదానికి పద్నాలుగు నెలలు నిండాయి, ఇప్పుడిప్పుడే మధ్యలో డబ్బా అడుగు కనిపిస్తోంది.

కొనమని చెప్తానా? నా సంగతి వేరు. వారానికి మూడుసార్లే గీసుకుంటాను, పొద్దున్నే లేస్తాను, వంటింట్లో ఫిల్టర్ ఉంది, గడ్డం దట్టం కాబట్టి ఈ నురగ విలువ నాకు మెడ మీద తెలుస్తుంది. రోజూ హడావిడిగా పనికి వెళ్లేవాళ్లకు, పలచటి గడ్డం ఉన్నవాళ్లకు మంచి క్రీమ్ చాలు, ఈ తేడా వాళ్లకు అంతగా తెలియకపోవచ్చు. మీ నీళ్లు మెత్తనివైతే మాత్రం నేను చెప్పిందేదీ మీకు అవసరం పడదు, మొదటి రోజే వస్తుంది. అన్నయ్యకు మొన్న మళ్లీ ఫోన్ చేసి ఒక్క మగ్గు ఫిల్టర్ నీళ్లతో ప్రయత్నించమన్నాను. పక్కన పెట్టిన బిళ్ల ఇంకా ఉందట, వెతికి చూస్తానన్నాడు.

ప్రయాణాల్లో మాత్రం ఇప్పటికీ ట్యూబే పట్టుకెళ్తున్నాను.