తిమింగలాల దారిలో ఓడ: ఆలస్యాన్ని ఎక్కడ సర్దుకోవడం మేలు?

2017లో కెనడా తూర్పు తీరంలో, ముఖ్యంగా సెయింట్ లారెన్స్ సింధుశాఖలో, 12 ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు చనిపోయాయి. ఈ జాతిలో ఇప్పుడు మిగిలినవి 400 లోపే. ఆ ఆగస్టులోనే ప్రభుత్వం 20 మీటర్లు, అంతకు మించిన పొడవున్న నౌకలు అక్కడ 10 నాట్లు దాటరాదని ఆజ్ఞ వేసింది. (నాట్లంటే వరినాట్లు కాదు, ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, 10 నాట్లు గంటకు 18.5 కిలోమీటర్లు.) కారణం స్పష్టం. 15 నాట్ల వేగంతో ఓడ తగిలితే తిమింగలం చనిపోయే అవకాశం 80 శాతం దాకా ఉంటుంది, 9 నాట్ల లోపు అది 20 శాతానికి దిగుతుంది.

మరి విహార నౌక ఏం చేయాలి? ఉదాహరణకు రెండు రేవుల మధ్య దూరం 240 నాటికల్ మైళ్లు అనుకుందాం. 20 నాట్లతో 12 గంటల ప్రయాణం. అందులో 60 మైళ్లు ఆంక్షల ప్రాంతం. అక్కడే 6 గంటలు పోతాయి. పాత సమయానికే చేరాలంటే మిగిలిన 180 మైళ్లను 30 నాట్లతో పరుగెత్తాలి. మామూలు విహార నౌకకు అది అసాధ్యం.

రెండు గంటలు ముందు బయలుదేరి, మిగతా దూరం 22.5 నాట్లతో వెళ్తే వేళకు చేరవచ్చు. రైలు గేటు దగ్గర ఆగిన బస్సు డ్రైవరు ఆ తర్వాత చేసేది ఇదే. కానీ నీటిలో లెక్క వేరు. నౌకను నడిపే శక్తి దాదాపు వేగం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. ఆ లెక్కన, నెమ్మదిగా వెళ్లినప్పుడు ఆదా అయిన ఇంధనమంతా తర్వాతి పరుగు మింగేసి, మొత్తం ఖర్చు పాత ప్రయాణం కంటే ఒక శాతం ఎక్కువే అవుతుంది. రెండు గంటలు పోగొట్టుకుని మిగుల్చుకున్నది శూన్యం.

నాలుగు గంటలు ముందు బయలుదేరితే? ఆంక్షలు దాటాక 18 నాట్లు చాలు. నౌకను నడిపే ఇంధనంలో మూడో వంతు మిగులుతుంది. ఒకటి రెండు ఇంజన్లు ఆపేయవచ్చు కూడా. నా ఓటు దీనికే.

రేవునే వదిలేయడం మూడో దారి. 2017లో కొన్ని నౌకలు ఆ ప్రాంతపు రేవులైన గాస్పే, షార్లట్‌టౌన్‌లలో ఆగడం మానేశాయి. ఇంధనానికి హాయే, కానీ ఆ చిన్న ఊళ్లలో పర్యాటకుల కోసం తెరిచిన దుకాణాలకు ఆ రోజు బేరం లేనట్టే. వీలైతే చేయకూడని పని.

సముద్రంలో ఎక్కువ గంటలు ఉంటే ఏసీలు, వంటగదుల ఖర్చు పెరగదా అంటారు కొందరు. రేవులో ఉన్నా అవి నడుస్తూనే ఉంటాయి కాబట్టి పెద్ద తేడా రాదు. కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్ రేవు సంగతి వేరు. అక్కడ 2014 నుంచి తీరం నుంచే నౌకకు కరెంటు ఇస్తున్నారు, ఇంజన్లు ఆపుకోవచ్చు. అందుకే ముందు బయలుదేరడానికి రేవులో ఆగే గంటలు కోయవలసి వస్తే అలాంటి రేవులో కాకుండా, తీరం కరెంటు లేని చోట కోయడం మంచిది.

పైగా ఇప్పుడు కొన్ని దారుల్లో తిమింగలం కనబడితేనే 15 రోజుల ఆంక్ష మొదలవుతుంది. అది ఏ రోజు పడుతుందో టికెట్లు అమ్మేనాటికి ఎవరికీ తెలియదు. ఆ నాలుగు గంటలను ముందే షెడ్యూలులో రాసుకున్న నౌకకు కెప్టెన్ చివరి నిమిషంలో ప్రకటన చేయాల్సిన అవసరం రాదు.