గ్రూప్-2 చదువుకు టెలిగ్రామ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

గుంటూరులో గ్రూప్-2కి చదివేవాళ్ల ఫోన్లలో టెలిగ్రామ్ లేకుండా ఉండటం అరుదు. అరండల్‌పేట, బ్రాడీపేట కోచింగుల నోట్సు, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు అన్నీ అందులోనే తిరుగుతాయి. 2 జీబీ దాకా ఫైలు పంపొచ్చు, దించుకునేదాకా అది టెలిగ్రామ్ సర్వర్లలోనే ఉంటుంది కాబట్టి ఫోన్ నిండిపోతుందన్న బెంగ లేదు. కానీ ఇన్నేళ్లలో నాకు పనికొచ్చింది వేలమంది ఉన్న ఛానెళ్లు కాదు, మా పదిమంది గ్రూపు. పెద్ద ఛానెళ్లలో దించుకున్న పీడీఎఫ్‌లు చాలావరకు తెరవకుండానే ఉండిపోతాయి.

మా గ్రూపులో రోజుకొకరు క్విజ్ పెట్టాలి. 'మొదటి ఆంధ్ర మహాసభ ఎక్కడ జరిగింది?' అని ఒక రాత్రి ప్రశ్న వస్తే సగం మంది బెజవాడ అని నొక్కారు. పేర్లు దాచే ఆప్షన్ తీసేసి క్విజ్ పెడతాం, ఎవరు ఏది నొక్కారో కనిపిస్తుంది కాబట్టి వెంటనే వాదన మొదలైంది. జవాబు బాపట్ల, 1913. బెజవాడది 1914లో జరిగిన రెండోది. ఆ సంగతి ఇక మరిచిపోను. క్విజ్‌కి వివరణ 200 అక్షరాలకు మించకూడదు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి, ఇట్టే నిండిపోతుంది. అంత కుదించి రాయాలంటే విషయం బాగా అర్థమై ఉండాలి. అందుకే ప్రశ్న పెట్టినవాళ్లే అందరికంటే ఎక్కువ నేర్చుకుంటారు.

తొమ్మిదింటికి వాయిస్ చాట్. నరసరావుపేట నుంచి ఒక అక్క, తన బాబు పడుకున్నాక వస్తుంది. ఇంట్లో ఈ చదువు గురించి మాట్లాడే మనిషి లేరు తనకి. రిజల్ట్ టెన్షన్ దగ్గర్నుంచి అత్తగారింటి కబుర్ల దాకా మాతోనే చెప్పుకుంటుంది. వీలైన ఆదివారాలు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం దగ్గర కలుస్తాం. ఫోన్‌లో మొదలైన స్నేహం కదా అని తక్కువ చేసేవాళ్లతో నేను ఒప్పుకోను.

ఇక జాగ్రత్తలు. 'పేపర్ లీక్' అంటూ డబ్బులడిగే ఛానెళ్లు పరీక్షల ముందు పుట్టుకొస్తాయి. మా స్నేహితురాలు ఒక టెస్ట్ సిరీస్‌కి డబ్బు కడితే, మర్నాటికి ఆ ఛానెలే లేదు. మామూలు చాట్లకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ) ఉండదు, సీక్రెట్ చాట్‌కే ఉంటుంది. కాబట్టి ఆధార్, హాల్‌టికెట్ ఫొటోలు గ్రూపుల్లో పెట్టకండి. ముఖ్యంగా అమ్మాయిలు, ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఫోన్ నంబర్ ఎవరికీ కనిపించకుండా, గ్రూపుల్లో ఎవరుపడితే వారు చేర్చకుండా ముందే మార్చుకోండి.