సగంలో ఆపిన ఆపరేషన్‌కు నాలుగు నక్షత్రాలు

విజయవాడలోని ఒక సంతాన సాఫల్య కేంద్రంలో డిసెంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో మరోసారి నా గర్భసంచి లోపలి అతుకులు తొలగించారు. బిల్లు గొడవ ఇంకా తేలలేదు, అందుకే పేరు రాయడం లేదు.

మూడో నెలలో గర్భం పోయి, మా ఊళ్లో డీ అండ్ సీ (గర్భసంచి లోపలి పొరను గీకి శుభ్రం చేయడం) చేయించుకున్నాక నా నెలసరి ఐదు రోజుల నుంచి ఒకటిన్నర రోజుకు పడిపోయింది. "సుఖపడ్డావు పో" అన్నారు మా అత్తయ్య. నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే అనిపించింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు అండం విడుదలకు మాత్రలు మింగించారే గానీ, నెలసరి ఎందుకు తగ్గిందని ఒక్కరూ అడగలేదు.

ఇక్కడి డాక్టరు గారు మొదట అడిగింది అదే. "అప్పట్లో రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చేవారమ్మా? ఇప్పుడు ఎన్ని?" లెక్కల టీచర్ని కదా, టకటకా చెప్పేశాను. ఆవిడ చీటీ వెనక గర్భసంచి బొమ్మ గీశారు. లోపలి పొరను మరీ లోతుగా గీకితే పచ్చిగా మిగిలిన రెండు గోడలూ ఒకదానికొకటి అతుక్కుపోతాయట. 1948లో దీన్ని వివరంగా రాసిన జోసెఫ్ అషర్‌మన్ పేరుతోనే అషర్‌మన్ సిండ్రోమ్ అంటారు. మన దేశంలో గర్భాశయ క్షయ కూడా దీనికి ఒక కారణం కాబట్టి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతామని ముందే చెప్పారు. నాకు క్షయ లేదని తేలింది.

ఆపరేషన్ నేను చూడలేదు, మత్తులో ఉన్నాను. తర్వాత వీడియో చూపించారు. పొట్ట మీద కోత లేదు. కింది నుంచే సన్నని కెమెరా పంపి, సెలైన్ నింపి గర్భసంచి విప్పారేలా చేస్తారు. తెర మీద లేత గులాబీ రంగు గది, దానికి అడ్డంగా పనస తొనల మధ్య పీచులాంటి తెల్లని పోగులు. బియ్యపు గింజంత కత్తెర వచ్చి ఒక్కొక్కటే తెంపుతోంది. కరెంటుతో కాల్చితే మిగిలిన మంచి పొర కూడా దెబ్బతినే ప్రమాదం ఉందని కత్తెరే వాడారట.

ఎడమ మూలకు వచ్చేసరికి కత్తెర ఆగిపోయింది. అక్కడ ఏది అతుకో, ఏది గోడో తెలియలేదు. "ఇంకా తెంపితే గర్భసంచికి చిల్లు పడొచ్చు, మిగతాది ఇంకోసారి చూద్దాం" అని డాక్టరు గారు బయటకు వచ్చి మా వారితో చెప్పారు. "సగం పనికి మొత్తం డబ్బా!" అని మా ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతుంది. నేను మాత్రం ఈ ఆగడానికే నాలుగు నక్షత్రాలూ ఇస్తున్నాను.

గోడలు మళ్లీ కలవకుండా లోపల ఒక బుడగ పెట్టి, వారం ఉంచారు. దాని నొప్పి గురించి మాత్రం ఎవరూ హెచ్చరించలేదు. మూడో రాత్రి భయపడి ఫోను చేస్తే, నర్సు ఓపికగా మాట్లాడి ధైర్యం చెప్పింది. డిశ్చార్జి కాగితంలో ఆ నాలుగు ముక్కలూ రాసి ఉంటే సరిపోయేది. పొర పెరగడానికి ఈస్ట్రోజన్ మాత్రలు రాశారు. ఫిబ్రవరిలో మళ్లీ కెమెరా పెట్టి చూస్తే కొన్ని పోగులు తిరిగి వచ్చాయి గానీ, పల్చగా ఉన్నాయి. ఈసారి ఎడమ మూల కూడా తెరుచుకుంది.

ఇక ఐదో నక్షత్రం ఎందుకు కోశానంటే, డిసెంబరులో 42,000 రూపాయలని చెప్పి చివరికి 61,300 బిల్లు వేశారు. బుడగకు, ముక్క పరీక్షకు విడివిడిగా కట్టాలని ముందు అనలేదు. పైగా ఆపరేషన్ కూడా కాకముందే కౌంటర్లో ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. డాక్టరు గారు మాత్రం ఆ ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు నెలసరి మూడున్నర రోజులు వస్తోంది. గర్భం ఇంకా రాలేదు. వస్తే బిడ్డ మాయ గర్భసంచి గోడలోకి లోతుగా అతుక్కునే అవకాశం ఉందని, కాన్పు ఎక్కడ చేయించుకున్నా ఈ ఆపరేషన్ల సంగతి తప్పక చెప్పమని నా ఫైలు మీద ఎర్ర సిరాతో రాసిచ్చారు.

వెళ్లేవాళ్లు పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లండి. వీడియో ఇస్తారు గానీ, వాళ్ల దగ్గర కొంటే 500 రూపాయలు.