కిసో లోయలో అద్దె కారు, దారి పక్క మిచినోఎకిలు: మా రివ్యూ

ఏప్రిల్ నెలాఖరులో జపాన్ వెళ్తుంటే టోక్యోలో ఒకటి రెండు రోజులు తగ్గించుకునైనా సరే, నగోయాలో కారు అద్దెకు తీసుకుని కిసో లోయలోకి వెళ్లండి. నెల్లూరు నుంచి నేను, మా ఆవిడ, పాప, మా నాన్న వెళ్లాం. ఆ ట్రిప్ మొత్తంలో డబ్బులు బాగా ఖర్చు పెట్టాం అనిపించింది ఇక్కడే.

ముందు కారు సంగతి. ఆర్టీఓ ఆఫీసులో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్, మన లైసెన్సు, పాస్‌పోర్టు అడిగారు. పాప కోసం చైల్డ్ సీటు కావాలని బుక్ చేసినప్పుడే చెప్పాను (ఆరేళ్ల లోపు పిల్లలకు అక్కడ అది తప్పనిసరి), అయినా వెళ్లేసరికి సిద్ధంగా లేదు, చాలాసేపు కూర్చోబెట్టారు. టోల్ కోసం మన ఫాస్టాగ్ లాంటి ఈటీసీ కార్డుకు విడిగా అద్దె కట్టాలి. కౌంటర్ సర్వీసుకు సగం మార్కులే ఇస్తాను. ఇంకో మాట, 660 సీసీ చిన్న కారు తీసుకోకండి. నలుగురం, సామాన్లు ఎక్కేసరికి కొండ రోడ్డు ఎక్కేటప్పుడు బాగా రొప్పింది.

డ్రైవింగ్‌కి మాత్రం టెన్షన్ పడక్కర్లేదు. అక్కడా ఎడమ పక్కే, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కిన వాళ్లకి ఆ మలుపులు ఒక లెక్క కాదు. ఒకటి గుర్తుంచుకోండి: రైలు గేటు తెరిచి ఉన్నా బండి పూర్తిగా ఆపి, చూసుకుని వెళ్లాలి.

మగోమే, త్సుమగో అనే పాత ఊళ్లు చూసుకుని (ఆ పాత వీధుల్లోకి పగటిపూట కార్లు రానివ్వరు, బయట పార్కింగ్‌లో పెట్టి నడవాలి) 256వ నంబరు హైవే మీద కనుమ దాటి అచి ఊరి వైపు దిగితే రోడ్డుకి రెండు పక్కలా హనమోమో చెట్లు. పూల కోసం పెంచే పీచ్ చెట్లన్నమాట. ఒకే చెట్టుకి ఎరుపు, గులాబీ, తెలుపు మూడు రంగులూ పూస్తాయి. 1920ల్లో ఫుకుజావా మోమోసుకే అనే కరెంటు కంపెనీ పెద్ద జర్మనీ నుంచి తెచ్చిన మూడు మొక్కలతో ఇదంతా మొదలైందట. అదే చెర్రీ పూలు కావాలంటే మాత్రం ఏప్రిల్ మొదటి సగంలో వెళ్లి, ఇనా లోయలో తకాతో కోట చూడండి.

ఇక నేను పూర్తి మార్కులు ఇచ్చేది మిచినోఎకిలకి. హైవే పక్కన ఆగి సేదతీరే చోట్లు ఇవి. 1993లో మొదలై ఇప్పుడు దేశమంతా 1,200కి పైగా ఉన్నాయి. పార్కింగ్, టాయిలెట్లు 24 గంటలూ ఉచితం, ఆ టాయిలెట్ల శుభ్రత చూస్తే మన హైవేల మీద ఆడవాళ్లు పడే అవస్థ గుర్తొచ్చి బాధేసింది. లోపల చుట్టుపక్కల రైతులు తెచ్చిన కూరగాయలు, వెదురు మొలకలు, కొండ ఆకుకూరలు, ప్రతి సంచి మీదా పండించిన వాళ్ల పేరు, ధర. మా నాన్న కోవూరు దగ్గర వరి పండిస్తారు. ఆయన ఒక్కో సంచీ తిప్పి చూస్తూ, ధర ఎవరు పెడతారని నా చేత అడిగించారు, రైతే పెట్టుకుంటాడట. ఆ మాట విన్నాక ఇక అక్కడి నుంచి కదల్లేదు. మన దగ్గర కోతలు అయిపోయే రోజులకి అక్కడ మళ్లకు నీళ్లు పెట్టి దమ్ము చేస్తున్నారు, దారంతా ఆయన చూసింది అవే, పూలు కాదు.

తిండికి గోహెయ్ మోచీ తినండి. అన్నం మెదిపి పుల్లకి అద్ది, అక్రోట్లు, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కలిపి పూసి నిప్పుల మీద కాలుస్తారు, అంచులు కరకరలాడతాయి. శాకాహారులు మాత్రం ప్రతిదీ అడిగి తినాలి, మామూలు సూపులో కూడా చేపతో చేసిన రసం ఉంటుంది. మాకు చేపలంటే ప్రాణం కాబట్టి ఇబ్బంది రాలేదు.

ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా వాళ్లకి వరుస సెలవులు, రూములు దొరకవు, దానికి ముందే తిరిగి వచ్చేయండి. మిచినోఎకిల్లో దుకాణాలు చాలావరకు ఐదారింటికే కట్టేస్తారు. లోయల్లో పెట్రోలు బంకులూ అంతే, సగం ట్యాంకుకి రాగానే నింపించుకోండి.