అంగన్‌వాడీనా, కాన్వెంటా?

కోనసీమలో కొబ్బరి పీచు పనికో, రొయ్యల చెరువులకో వెళ్లే తల్లికి మూడేళ్ల పిల్లాణ్ణి ఎక్కడ వేయాలన్నదే పెద్ద టెన్షన్.

అంగన్‌వాడీకి ఫీజు లేదు. 1975లో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకం కింద ఆరేళ్ల లోపు పిల్లలకు తిండి, టీకాలు, బరువు తూచడం, మూడేళ్లు నిండితే ఆటపాటల చదువు, అన్నీ ఒకేచోట. మధ్యాహ్నం వేడన్నం, గుడ్డు, పాలు. ఆకలితో ఉన్న పిల్లాడికి అక్షరం ఎక్కదు కాబట్టి నా లెక్కలో సగం చదువు ఆ కంచంలోనే ఉంది. చిక్కల్లా టీచరు తీరికతోనే. సర్వేలు, రిజిస్టర్లు, ఫోన్లో ఎంట్రీలు ఆవిడ మీదే పడతాయి. ఆ పనులున్న రోజు కథ ఉండదు, పాట ఉండదు.

కాన్వెంట్ అంటే టై, బూట్లు, ఆటో, ఇంగ్లీషు రైమ్స్. చూడముచ్చటే. కానీ కూలి డబ్బుల్లోంచి నెలనెలా ఫీజు కట్టాలి. చాలాచోట్ల మూడేళ్ల చేతికి పెన్సిలిచ్చి పేజీలు నింపిస్తారు. ఈ వయసుకు ఆటలతోనే నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పినా సరే. హోంవర్క్ దిద్దేవాళ్లు ఇంట్లో ఉండరు.

(వరదొస్తే గోదావరి మధ్యనుండే లంక ఊళ్లలో రెండూ మూతే.)

టీచరు పిల్లలతో కూర్చునే చోటైతే నా ఓటు అంగన్‌వాడీకే. చేర్చేముందు ఒక పూట గుమ్మంలో నిలబడి చూడండి: పిల్లలు కబుర్లు చెబుతున్నారా, చేతులు కట్టుకుని కూర్చున్నారా?